తాళాలు ఇచ్చేశాక కూడా వెళ్లిపోయిన అద్దెను వెనక్కి రాబట్టుకోవడం ఎలా?

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ, తేడా ఉంటే సరిదిద్దండి. మొదట్లో అద్దె నెలకు 30,000. రెండేళ్లు నిండాక 5 శాతం పెంచాలని ఒప్పందం, అంటే 31,500. ఆ పెంపు అక్టోబర్ 1 నుంచి మొదలవ్వాలి. ఓనరు మెసేజ్ పెట్టారని మీరు నాలుగు నెలల ముందే, ఆ ఏడాది జూన్ నుంచే పెంచి కట్టేశారు. ఈ ఏడాది ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చారు, దాని గడువు మే 31. కొత్తవాళ్లు తొందరపడుతున్నారు, కాస్త ముందే ఇవ్వగలరా అని ఓనరే అడిగితే మే 12న తాళాలు ఇచ్చేశారు. మే అద్దె 1వ తేదీనే మొత్తం కట్టి ఉన్నారు. బ్యాంకులో పెట్టిన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (ప్రతి నెలా దానంతట అదే డబ్బు పంపే ఆదేశం) ఆపడం మర్చిపోయారు కాబట్టి జూన్ 1న ఇంకో 31,500 వెళ్లింది. అడ్వాన్స్ మాత్రం మే 20న పైసా కోయకుండా తిరిగొచ్చింది, ‘లెక్క సెటిల్’ అనే మెసేజ్‌తో. మీరు ‘థాంక్స్ సార్’ అన్నారు. ఇప్పుడు అద్దె సంగతి ఎత్తితే ‘అదంతా పెయింటింగ్‌కే సరిపోయింది’ అంటున్నారు.

మిగతాది చదివే ముందు బ్యాంకు యాప్ తెరిచి ఆ స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రద్దయిందో లేదో చూసుకోండి. రద్దు చేశానని మీరు ఎక్కడా రాయలేదు. జూలై 1న ఇంకో నెల అద్దె కూడా పోయాక నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. బ్యాంకు వాళ్లు వెనక్కి తెప్పిస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి. మీరు ఆదేశం ఇచ్చారు, వాళ్లు అమలు చేశారు. అవతలి ఖాతాలో పడ్డ డబ్బును ఆ ఖాతాదారు ఒప్పుకోకుండా బ్యాంకు తీసి ఇవ్వదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా అద్దె ఇళ్ల లెక్కలు చూశాను, అదీ ఎక్కువగా ఓనర్ల తరఫున. అందుకే ఒక మాట ముందే చెప్తున్నాను. ఎక్కువ వచ్చిన అద్దె తిరిగి ఇవ్వని ఓనర్లలో నిజంగా మింగేద్దామనుకునేవాళ్లు తక్కువ. చాలామందికి అది ఎక్కువ వచ్చిందనే తెలియదు. ఒకసారి నేనే అలాంటి తప్పు చేశాను. ఒకే భవనంలో పై వాటా, కింది వాటా ఇద్దరూ ఒకే మొత్తం కట్టేవాళ్లు, ఇద్దరి చెల్లింపుల్లోనూ వివరం దగ్గర ‘రెంట్’ అని మాత్రమే ఉండేది. పై వాటా ఆయన ఖాళీ చేసి వెళ్లాక కూడా ఒక నెల డబ్బు వచ్చింది. అదే నెల కింది వాటా వాళ్లు ఆలస్యం చేశారు. నేను ఆ డబ్బును కింది వాటా పద్దులో జమ వేసేశాను. మూడు నెలల తర్వాత పై వాటా ఆయన స్టేట్‌మెంట్ పట్టుకొచ్చి, పేరూ తేదీ చూపించి, ‘ఇది ఎవరి ఖాతాలో రాశారు సార్?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. డబ్బు అదే వారం ఇప్పించాను. ఆయన గొంతు పెంచలేదు, చట్టం పేరు ఎత్తలేదు. ఒక కాగితం చూపించారు, అంతే.

మీకూ అదే చెప్తాను. ‘మీరు నాకు ఇంత ఇవ్వాలి’ అనే మాటతో మొదలుపెట్టకండి, లెక్క కాగితంతో మొదలుపెట్టండి. దానికి ముందు ఒకటి గ్రహించాలి. మీవి మూడు వేర్వేరు మొత్తాలు, మూడింటికీ ఒకే బలం లేదు. మూడూ కలిపి ‘నా డబ్బు’ అంటే ఓనరు వాటిలో బలహీనమైనదాన్ని పట్టుకుని మొత్తాన్నీ కొట్టిపారేస్తారు.

జూన్ 1న వెళ్లిన 31,500తో మొదలుపెడదాం. మీ చేతిలో ఉన్న గట్టి కేసు ఇదే. అప్పటికి మీరు అద్దెకు లేరు, తాళాలు మీ దగ్గర లేవు, ఆ ఇంట్లో వేరేవాళ్లు ఉంటూ వాళ్ల అద్దె వాళ్లు కడుతున్నారు. ఇది పొరపాటున వెళ్లిన డబ్బు. పొరపాటున అందిన డబ్బు తిరిగి ఇవ్వాలన్న సూత్రం దాదాపు ప్రతి దేశం చట్టంలోనూ ఏదో ఒక రూపంలో ఉంది. భారతదేశంలో అది 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 72. ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ చూడండి: ఇద్దరు కలిసి ఒకరికి 100 రూపాయలు బాకీ ఉన్నారు. మొదటివాడు మొత్తం కట్టేశాడు. ఆ సంగతి తెలియక రెండోవాడు మళ్లీ 100 కట్టాడు. తీసుకున్నవాడు ఆ రెండో వంద తిరిగి ఇచ్చేయాలి. కలిసి ఇల్లు తీసుకున్న స్నేహితులిద్దరూ ఒకే నెల అద్దె చెరోసారి కట్టేసే సందర్భానికి ఇది అచ్చంగా సరిపోతుంది. జర్మనీలో అయితే పౌర స్మృతి 812వ సెక్షన్, కారణం లేకుండా చేరిన లాభం తిరిగి ఇవ్వాలంటుంది.

‘ఆపడం మర్చిపోవడం నీ తప్పు కదా’ అనే వాదన ఇక్కడ తప్పకుండా వస్తుంది. మీ తప్పే, కాదనక్కర్లేదు. దానితో హక్కు పోదు. 1841లో ఇంగ్లండ్‌లో ఒక కేసు నడిచింది. ప్రీమియం కట్టక రద్దయిన పాలసీకి బీమా సంస్థ డైరెక్టర్లు ఆ సంగతి మర్చిపోయి చనిపోయినాయన భార్యకు సొమ్ము ఇచ్చేశారు. తర్వాత గుర్తొచ్చి వెనక్కి అడిగారు. కట్టినవాడు ఎంత అజాగ్రత్తగా ఉన్నా, నిజంగా పొరపాటు పడి కట్టి ఉంటే తిరిగి అడగొచ్చన్నారు న్యాయమూర్తులు. ఇప్పటికీ ఆ దేశంలో ఈ రకం తగాదాల్లో ఆ కేసు ప్రస్తావన వస్తుంది. బాకీ లేదని తెలిసీ కడితే మాత్రం కథ వేరు. జర్మన్ స్మృతి 814వ సెక్షన్ ప్రకారం అలా కట్టినది తిరిగి రాదు. కాబట్టి ఓనరుకు రాసేటప్పుడు ‘పోనీలే అని ఊరుకున్నాను’ లాంటి మాటలు వాడకండి. మర్చిపోయారు, అదే రాయండి.

రెండోది మే నెల మిగిలిన రోజులు. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. ముందుగా కట్టిన నెల మధ్యలో వెళ్లిపోతే మిగతా రోజుల డబ్బు దానంతట అదే తిరిగొస్తుందనుకుంటారు. అన్ని చోట్లా అలా లేదు. లండన్‌లో ఒక భవనం లీజు మీద మార్క్స్ అండ్ స్పెన్సర్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల అద్దె ముందుగా కట్టింది, లీజు 2012 జనవరి 24న ముగిసింది, మార్చి దాకా ఉన్న మిగతా కాలానికి డబ్బు తిరిగివ్వమంది. లీజులో అలా ఇవ్వాలని రాసి లేదు కాబట్టి రాదని 2015 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. అక్కడ 1870 నుంచే అద్దెను రోజువారీగా పంచే చట్టం ఉంది, కానీ అది ముందుగా కట్టే అద్దెకు వర్తించదు. జర్మనీలో దీనికి పూర్తి వ్యతిరేకం: అద్దె గడువు ముగిశాక వచ్చే కాలానికి ముందే కట్టినదాన్ని వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలని అక్కడి పౌర స్మృతి 547వ సెక్షన్ సూటిగా చెప్తుంది. అందువల్ల మీరుండే చోట చట్టం ఏమంటోందో, అంతకంటే ముందు మీ ఒప్పందం ఏమంటోందో చూడండి. ‘నెల మధ్యలో ఖాళీ చేసినా పూర్తి నెల అద్దె’ అన్న వాక్యం చాలా ఒప్పందాల్లో చివరి పేజీకి దగ్గర్లో నక్కి ఉంటుంది.

అయినా మీ పరిస్థితి మామూలుగా మధ్యలో వెళ్లిపోయినవాళ్లలాంటిది కాదు. ముందే ఇమ్మని అడిగింది ఓనరు. తాళాలు తీసుకున్నారు, 15వ తేదీకల్లా కొత్తవాళ్లను దించారు. అంటే మీ అద్దె గడువును ఇద్దరూ ఒప్పుకుని 12వ తేదీతో ముగించారని గట్టిగా వాదించొచ్చు. ఒకే ఇంటికి ఒకే రోజులకు రెండు అద్దెలు తీసుకోవడాన్ని ఓనరు సమర్థించుకోవడం కష్టం. మీరు పాత మెసేజ్‌లు వెతికి పట్టుకోవాల్సింది ఆయన ‘కాస్త ముందే ఇవ్వగలరా’ అన్న ఒక్క వాక్యం. ఫోన్‌లోనే అడిగారంటారా? అయితే ఇప్పుడు మీరు రాసే ఉత్తరంలో ఆ సంగతి మామూలుగా ప్రస్తావించండి: ‘మీరు కోరినట్టు మే 12న తాళాలు అప్పగించాను.’ ఆయన జవాబులో దాన్ని ఖండించకపోతే అదే మీకు పనికొస్తుంది.

ఈ మొత్తం ఎంతో లెక్కకట్టే పద్ధతి మీద కూడా పేచీ వస్తుంది. మేలో 31 రోజులు, మీవి 12, మిగిలినవి 19. 31,500ను 31తో భాగించి 19తో హెచ్చిస్తే 19,306.45. ఏడాది అద్దె 3,78,000ను 365తో భాగిస్తే రోజుకు 1,035.62. మీ 12 రోజులకు 12,427.40 పోగా మిగిలేది 19,072.60. నెలకు 30 రోజులు అనే పాత పద్ధతిలో రోజుకు 1,050 చొప్పున 12,600 పోగా మిగిలేది 18,900. మొదటిదానికీ చివరిదానికీ తేడా 406.45. ఒప్పందంలో పద్ధతి రాసి ఉంటే అదే వాడండి. లేకపోతే ఏదో ఒకటి వాడి, ఏది వాడారో కాగితం మీద రాయండి. ఓనరు వేరే పద్ధతి అంటే ఆ 400 దగ్గర పట్టుదలకు పోవద్దు.

మూడోది, ముందుగానే కట్టిన పెంపు. జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబర్, నెలకు 1,500 చొప్పున 6,000. ఇది మీ బలహీనమైన కేసు. ఒప్పందం చదవకుండా ఓనరు మాట నమ్మి కట్టానని మీరంటారు. అడిగాను, ఒప్పుకుని కట్టాడు, అంటే ఒప్పందాన్ని ఇద్దరం మార్చుకున్నట్టే కదా అని ఆయనంటారు. ఆయన పెట్టిన మెసేజ్‌లో ఏముందన్న దాని మీదే ఇదంతా నిలబడుతుంది. ‘ఒప్పందం ప్రకారం జూన్ నుంచి పెంపు’ అని ఉంటే ఇద్దరూ తేదీ తప్పుగా చూసుకున్నారు, అది పొరపాటే. ‘ఖర్చులు పెరిగాయి, జూన్ నుంచి 31,500 ఇవ్వగలరా’ అని ఉంటే మీరు కోరికకు ఒప్పుకున్నట్టు. అడగండి, కానీ దీని కోసం మిగతా రెంటినీ పణంగా పెట్టొద్దు.

ఇక పెయింటింగ్. ఓనరు మీ మీద ఉన్న ఇంకో బాకీని ఈ డబ్బుతో చెల్లుకు చెల్లు వేస్తున్నానంటే, ముందు ఆ బాకీ నిజంగా ఉండాలి. మామూలు వాడకంతో వెలిసిన రంగు అద్దెదారు ఖాతాలో పడదు, ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప. గోడకు మేకులు దిగ్గొట్టి పెచ్చులూడగొట్టారా, పిల్లలు క్రేయాన్లతో బొమ్మలు వేశారా, అది వేరే సంగతి. దేనికి ఎంత ఖర్చయిందో బిల్లు అడగండి. మీ విషయంలో దీనికంటే పెద్ద పాయింటు ఉంది. ఇంటికి జరిగిన నష్టం కోసం ఉంచుకునేదే అడ్వాన్స్. తాళాలు తీసుకుని, ఇల్లు చూసుకుని, ఎనిమిది రోజులు ఆగి ఆయన ఆ అడ్వాన్స్ మొత్తం ఇచ్చేశారు. గోడలు అప్పుడు బాగున్నాయి, మీరు అద్దె అడిగాకే పాడయ్యాయా? ఇదే ప్రశ్నను మర్యాదగా, ఒక్కసారి అడగండి చాలు.

మన వాళ్లలో ‘అడ్వాన్స్’ అన్న మాట చేసే గందరగోళం ఇంతా అంతా కాదు. ఇంట్లో దిగేటప్పుడు ఇచ్చే డిపాజిట్‌నూ అడ్వాన్స్ అంటాం, ముందుగా కట్టే అద్దెనూ అడ్వాన్స్ అంటాం. ‘అడ్వాన్స్ ఇచ్చేశాను కదా, ఇంకేముంది’ అని ఓనరు అంటున్నారంటే ఆయన నిజంగానే రెండూ ఒకటనుకుంటూ ఉండొచ్చు. ఉత్తరంలో ఆ మాటే వాడకండి. ఒకదాన్ని డిపాజిట్ అనండి, రెండోదాన్ని జూన్ అద్దెగా వెళ్లిన మొత్తం అనండి.

‘లెక్క సెటిల్’ మెసేజ్‌కు మీరు థాంక్స్ అన్నారని భయపడుతున్నారు. ఆ మెసేజ్ వచ్చింది మే 20న. జూన్ అద్దె వెళ్లింది జూన్ 1న. ఇంకా జరగని పొరపాటును మే నెలలో ఎవరూ సెటిల్ చేయలేరు, కాబట్టి 31,500కు దానితో ఏ సంబంధమూ లేదు. మే మిగులు విషయంలో మాత్రం ఆయన దాన్ని వాడుకోవచ్చు. అది డిపాజిట్‌తో పాటు వచ్చిన మాట, డిపాజిట్ లెక్క గురించే అని మీరు చెప్పండి.

ఇప్పుడు కాగితం. ఒకే పేజీ, నాలుగు నిలువు వరుసలు: తేదీ, ఏ నెల అద్దె, కట్టాల్సింది, కట్టింది. చేరిన నెల నుంచి చివరిదాకా ప్రతి నెలా రాయండి, తేడా ఉన్న నెలలే కాదు. మొత్తం చూస్తే మీరు ఎన్నడూ ఆలస్యం చేయలేదని కూడా కనిపిస్తుంది. ఎక్కడైనా తక్కువ కట్టిన నెల ఉంటే అదీ దాచకండి, ముందే తగ్గించి చూపండి. అది ఓనరు కనిపెడితే మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది. ప్రతి వరుసకూ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో గుర్తు పెట్టుకోండి. నగదుగా ఇచ్చి రసీదు లేని నెల ఉంటే, ఆ రోజు మెసేజ్‌లో ‘ముట్టింది’ అన్న మాట దొరుకుతుందేమో వెతకండి.

ఉత్తరం పెద్దగా అక్కర్లేదు. నేనైతే ఇలా రాస్తాను:

‘సార్, నమస్కారం. మీరు కోరినట్టు మే 12న ఇంటి తాళాలు మీకు అప్పగించాను. మే నెల అద్దె 31,500 అప్పటికే పూర్తిగా చెల్లించి ఉన్నాను. బ్యాంకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఆపడం మర్చిపోవడం వల్ల జూన్ 1న మరో 31,500 మీ ఖాతాకు పొరపాటున వచ్చింది. మే 13 నుంచి 31 వరకు 19 రోజుల అద్దె 19,306.45. ఒప్పందం ప్రకారం అక్టోబర్‌లో మొదలవ్వాల్సిన పెంపును జూన్ నుంచే కట్టినందువల్ల 6,000. మొత్తం 56,806.45. నెలవారీ లెక్క, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను. ఏ అంకె మీద మీకు అభ్యంతరం ఉన్నా దయచేసి రాతలో తెలపండి. లేకపోతే 14 రోజుల్లో కింది ఖాతాకు పంపగలరు. ఆ గడువు దాటితే ఆ తేదీ నుంచి వడ్డీ కూడా కోరతాను.’

చివరి వాక్యం బెదిరింపు కోసం కాదు. భారతదేశంలో 1978 నాటి వడ్డీ చట్టం కింద, ఒప్పందంలో వడ్డీ మాట లేకపోతే, ఇలాంటి డబ్బుకు వడ్డీ కోరతానని రాతపూర్వకంగా చెప్పిన తేదీ నుంచే కోర్టు వడ్డీ లెక్కకట్టగలదు. రాయకపోతే ఆ నెలలు పోయినట్టే. ఉత్తరాన్ని ఒప్పందంలో ఎవరి పేరుందో వాళ్లకే పంపండి. డబ్బు వాళ్ల కొడుకు ఖాతాలో పడినా, మధ్యలో ఏజెంటు ఉన్నా, ఓనరు పేరు మీదే వెళ్లాలి. ఏజెంటుకు కాపీ ఇవ్వండి. మెసేజ్‌తో పాటు, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో కాగితం మీద కూడా పంపండి.

ఫోన్ చేసి మాట్లాడదామంటారు. మాట్లాడండి, గంట తర్వాత ‘ఇందాక మీరు ఇలా అన్నారు’ అని రెండు ముక్కలు రాసి పంపండి. ‘వచ్చే నెల చూద్దాం’ అనడం మీకు నష్టమేమీ కాదు, అది రాతలో ఉంటే. భారతదేశంలో ఇలాంటి డబ్బుకు దావా గడువు మూడేళ్లు. పొరపాటు వల్ల పోయిన డబ్బయితే ఆ పొరపాటు తెలిసిన రోజు నుంచి, లేదా కాస్త శ్రద్ధ పెడితే తెలిసి ఉండేదన్న రోజు నుంచి ఆ గడువు నడుస్తుంది. ఈ లోపు ఓనరు సంతకంతో బాకీ ఒప్పుకుంటే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది. ఇంగ్లండ్‌లో సాధారణంగా ఆరేళ్లు. గడువు చాలా ఉంది కదా అని మెసేజ్‌లు, స్టేట్‌మెంట్లు పోగొట్టుకోవద్దు. ఫోన్ మార్చే ముందు అవి కాపీ తీసుకోండి.

14 రోజులూ గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే, ఇంకో ఉత్తరం, అదీ కుదరకపోతే మధ్యవర్తిత్వం లేదా చిన్న మొత్తాల కోర్టు. ఇంగ్లండ్‌లో సాధారణంగా 10,000 పౌండ్ల దాకా ఇలాంటి డబ్బు దావాలు చిన్న మొత్తాల మార్గంలో నడుస్తాయి, లాయరు లేకుండా మీరే నడుపుకోవచ్చు. భారతదేశంలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. ఇంత మొత్తానికి లాయరు నోటీసు దాకా ఒకసారి ఖర్చు పెట్టొచ్చు. అంతకు మించి పెట్టే ముందు ఆ 6,000ను పక్కన పెట్టి లెక్క చూసుకోండి.

నా అంచనా చెప్తున్నాను. కాగితం అందాక మీ ఓనరు ‘జూన్‌ది ఇస్తాను, మిగతావి అడగొద్దు’ అంటారు. జూన్ డబ్బు ఏ షరతూ లేకుండా తీసుకోండి, ‘జూన్ అద్దె కింద పొరపాటున వచ్చిన 31,500 అందింది, మే లెక్క మిగిలి ఉంది’ అని రసీదు రాయండి. ఆ తర్వాత మే డబ్బు కోసం గట్టిగా నిలబడండి. అది కూడా చేతికొచ్చాక పెంపు తాలూకు 6,000 వదిలేస్తానంటూ ‘ఇక ఏ బాకీ లేదు’ అని ఇద్దరూ సంతకం పెట్టుకోవచ్చు. ఆ కాగితం మీద సంతకం డబ్బు ఖాతాలో కనబడ్డాకే పెట్టండి.